లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ ఉన్నాయి: హాస్పిటాలిటీ ఎంబీఏ ఇంటర్న్‌షిప్‌లపై బహిరంగ లేఖ

తిరుపతి

రాష్ట్రంలో ఉన్నత విద్య, పర్యాటకం, కార్మిక సంక్షేమం చూస్తున్న అధికారులకు,
హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ నడుపుతున్న కళాశాలల యాజమాన్యాలకు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల హోటల్ యజమానులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలలోను, ఆ తరువాత ఒక హోటల్‌లోను కలిపి 26 ఏళ్ళు రిసెప్షన్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. రాత్రి రెండు గంటలకు కొండ దిగి, చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చిన కుటుంబానికి గది లేదని చెప్పడం ఎలాంటి పనో తెలిసినవాణ్ణి. మా అమ్మాయి ఈ వృత్తిలోకి నాకంటే మంచి దారిలో రావాలని హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చదివించాను. ఆ కోర్సులో భాగంగా ఆమె పొరుగు రాష్ట్రంలోని ఒక స్టార్ హోటల్‌లో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. ఆ ఆరు నెలలలో జరిగినదాని గురించి నేను కళాశాలకు రెండుసార్లు, ప్రభుత్వ కార్యాలయాలకు మూడుసార్లు రాశాను. ఒకచోట అది కళాశాలకూ హోటల్‌కూ మధ్య విషయం అన్నారు. ఇంకొకచోట ఇంటర్న్ కార్మికుడు కాదు కనుక తమ పరిధిలోకి రాదన్నారు. మూడోచోట అర్జీ తీసుకుని, ముద్ర వేసిన రశీదు ఇచ్చారు. ఆ రశీదు తప్ప ఇంతవరకు నాకు అక్కడినుంచి మరొక కాగితం రాలేదు. కళాశాల మాత్రం విద్యార్థుల హాజరు పూర్తిగా ఉందని, ఏ వారం ఏ విభాగంలో శిక్షణ జరిగిందో నమోదుచేసే లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ ఉన్నాయని జవాబిచ్చింది. అందువల్ల ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ లాగ్‌బుక్ ఇప్పుడు నా ముందే ఉంది. మొదటి పేజీలో శిక్షణ పట్టిక అచ్చువేసి ఉంది: ఫ్రంట్ ఆఫీస్ 6 వారాలు, హౌస్‌కీపింగ్ 4, ఫుడ్ అండ్ బెవరేజ్ 6, సేల్స్ అండ్ రెవెన్యూ 4, అకౌంట్స్ అండ్ హెచ్‌ఆర్ 4. మొత్తం 24 వారాలు. చూడటానికి ముచ్చటగా ఉంది, నిజంగా అలా జరిగి ఉంటే ఈ లేఖే ఉండేది కాదు. పుస్తకం వెనుక ఖాళీ పేజీలలో మా అమ్మాయి తేదీలవారీగా రాసుకున్నది వేరు. అక్కడ వరుసగా బ్యాంక్వెట్, బ్యాంక్వెట్, బ్యాంక్వెట్ అనే మాటే కనిపిస్తుంది, అంటే విందులలో వడ్డన పని. పెళ్ళి ముహూర్తాలు ఉన్న వారాలలో దాని పక్కన ‘డబుల్’ అని ఉంది, అంటే రెండు షిఫ్టులు వరసగా చేసిందని. సేల్స్ విభాగం, అకౌంట్స్ విభాగం కింద ఉన్న సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతితో, ఆమె బయలుదేరిన రోజునే పడ్డాయి.

ఇంటికి వచ్చిన మరునాడు ఆమె వంటింట్లో మా చెంచాలు తుడిచింది. వేడినీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపి, ఒక్కొక్కటి ముంచి తీసి, పొడి గుడ్డతో పిడి నుంచి కొనదాకా ఒక్క లాగున తుడిచి, వేలిముద్ర పడకుండా గుడ్డతోనే పట్టుకుని పళ్ళెంలో పేర్చింది. ‘దీంట్లోనే నాయనా నాకు ఎంబీఏ ఇచ్చేసినారు’ అని నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. చెంచాలు తుడవడం, పడక పరచడం, బాత్రూమ్ కడగడం చిన్నతనమని నేను అనడం లేదు. గదికి దుప్పటి మార్చడానికి ఎంతసేపు పడుతుందో తెలియని మేనేజరు హౌస్‌కీపింగ్ వాళ్ళకు పని పంచలేడు. అలాంటి మేనేజర్ల కింద నేను పనిచేశాను, వాళ్ళు వేసిన డ్యూటీ చార్టులను మేమే రహస్యంగా తిరగరాసుకునేవాళ్ళం. హోటల్ చదువులో చేతిపని ఉండి తీరాలి. అయితే మూడేళ్ళ డిగ్రీలో ఆ పని ఒకసారి చేసి, ఐసెట్ రాసి, రెండేళ్ళ ఎంబీఏలో చేరిన విద్యార్థికి మళ్ళీ అదే పనిని, అదీ ఒకే విభాగంలో, ఆరు నెలలపాటు చేయించి దానికి మేనేజ్‌మెంట్ శిక్షణ అని పేరు పెట్టడమే నా అభ్యంతరం.

ఎంబీఏ విద్యార్థి నేర్వవలసినది ఏమిటో మా ఊరి ఉదాహరణతోనే చెప్పగలను. 100 గదుల హోటల్ ఉందనుకోండి. ఒకరోజు 80 గదులు సగటున 2,500 రూపాయలకు అమ్ముడయ్యాయి. ఇంకొకరోజు 95 గదులు సగటున 2,100కు అమ్ముడయ్యాయి. యజమానికి రెండోరోజు సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే హోటల్ నిండినట్టు కనబడుతుంది. లెక్క వేస్తే మొదటిరోజు రాబడి 2,00,000, రెండోరోజు 1,99,500. అమ్మినా అమ్మకపోయినా ఉన్న గదులన్నింటికీ పంచి చూసే ఈ సగటును హోటల్ వాళ్ళు రెవ్‌పార్ అంటారు. మొదటిరోజు అది 2,000, రెండోరోజు 1,995. రాబడి ఇంచుమించు ఒకటే అయినా రెండోరోజు 15 గదుల దుప్పట్లు, తువ్వాళ్ళు అదనంగా ఉతకాలి, 15 గదులకు వేడినీళ్ళు, కరెంటు, సబ్బులు, మనుషుల శ్రమ అదనంగా పెట్టాలి. ధర ఎంత తగ్గించవచ్చు, ఎప్పుడు తగ్గించకూడదు అన్నది తెలిసిన మనిషికే ఈ రంగంలో మేనేజర్ ఉద్యోగం వస్తుంది. ఈ లెక్కను నిజమైన హోటల్‌లో, నిజమైన అంకెలతో, నెలల తరబడి దగ్గరుండి చూడటానికే ఇంటర్న్‌షిప్ పెట్టారు. నల్లబల్ల మీద రాసి చూపిస్తే చాలేదయితే దానికి ఆరు నెలలు ఎందుకు?

ఈ పాఠానికి తిరుపతిని మించిన తరగతి గది దొరకడం కష్టం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు కొన్ని నెలలు ముందుగానే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. టిక్కెట్టు దొరికినవాళ్ళు వెంటనే గదికోసం వెతుకుతారు కనుక, ఏ తేదీకి ఎంత గిరాకీ ఉంటుందో ముందుగా ఊహించే వీలు మరే ఊరి హోటళ్ళకూ ఇంతగా ఉండదు. తమిళుల పెరటాసి నెల శనివారాలకు తమిళనాడు నుంచి వచ్చే జనం వేరు, బ్రహ్మోత్సవాలలో గరుడసేవకు వచ్చే జనం వేరు, పది రోజుల వైకుంఠ ద్వార దర్శనానికి వచ్చే జనం వేరు. ఇక 24 గంటల చెక్-అవుట్ పద్ధతి. మధ్యాహ్నం పన్నెండుకు గదులన్నీ ఖాళీ అయ్యే ఊళ్ళలో శుభ్రం చేసే పని ఒక వేళకు వస్తుంది. ఇక్కడ రాత్రి 11కు దిగినవారి గది మరునాడు రాత్రి 11కే ఖాళీ అవుతుంది కనుక హౌస్‌కీపింగ్‌కు పగలూ రాత్రీ ఉండదు. అన్నిటికంటే కష్టమైన ఘట్టం మరొకటి ఉంది. సర్వదర్శనం క్యూలో ఆలస్యమై కొండమీదే ఉండిపోయిన కుటుంబం సామాను గదిలో ఉంటుంది, వాళ్ళ గడువు ముగిసి ఉంటుంది, అదే గదిని బుక్ చేసుకున్న మరో కుటుంబం లాబీలో సూట్‌కేసుల మీద కూర్చుని ఉంటుంది. ఫోన్ చేద్దామంటే క్యూలో ఉన్నవాళ్ళ దగ్గర ఫోన్ ఉండదు. నా 26 ఏళ్ళలో ఈ చిక్కుకు నేను నేర్చుకున్న పరిష్కారాలన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నవే. చదువుకున్న పిల్లలు దీన్ని లెక్కగా, పద్ధతిగా పరిష్కరించాలని నాకు ఆశ ఉండేది. మా పిల్లలేమో ఈ ఊరు వదిలి, ఎక్కడో పెళ్ళి విందులలో పళ్ళేలు మోయడానికి రైలెక్కుతున్నారు.

చట్టం సంగతి కూడా మర్యాదగానే గుర్తు చేస్తున్నాను. మన దేశంలో అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నుంచి ఉంది. 2014 సవరణతో ఇంజనీరింగేతర డిగ్రీ చదివినవారు, చదువుతున్నవారు కూడా దాని పరిధిలోకి వచ్చారు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం కాంట్రాక్టు సిబ్బందిని కలుపుకుని 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి; డిగ్రీ చదివిన అప్రెంటిస్‌కు నెలకు కనీస స్టైపెండ్‌ను అప్పుడు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. కేంద్ర విద్యాశాఖ కింద నడిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో అందులో సగం, అంటే 4,500, కేంద్రమే భరించే ఏర్పాటు చేశారు. మా అమ్మాయికి హోటల్ ఇస్తామన్నది 5,000. అంటే చట్టప్రకారం ఒప్పందం రాసుకుని ఉంటే హోటల్ చేతినుంచి పడేది ఇంకా 500 తక్కువే, పిల్లకు అందేది దాదాపు రెట్టింపు. డబ్బు మిగిలే దారిని కూడా హోటల్ ఎందుకు వద్దనుకుందో నేను చాలాకాలం ఆలోచించాను. ఒప్పందం రాసుకుంటే శిక్షణ పట్టికకు కట్టుబడాలి, ఓవర్‌టైం చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి తీసుకోవాలి, దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలి. ఒప్పందం లేని ఇంటర్న్‌కు ఇవేవీ అక్కరలేదు. అతడు విద్యార్థి కనుక కార్మిక చట్టం వర్తించదంటారు, ఆ సెమిస్టరులో కళాశాలలో ఉండడు కనుక కళాశాల బాధ్యత లేదంటారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

దీనివల్ల ఎవరెవరికి ఏం జరుగుతున్నదో నేను చూసినంతవరకు రాస్తున్నాను.

1. కుటుంబాల మీద భారం. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది, మాలాంటి వాళ్ళం అప్పుచేసి ఫీజు కట్టాం. ఇంటర్న్‌షిప్ జరిగిన సెమిస్టరుకు కూడా, పిల్ల ఒక్కరోజు తరగతిలో కూర్చోకపోయినా, పూర్తి ఫీజు కట్టాం. ఇస్తామన్న 5,000లో భోజనం, యూనిఫాం పేరిట కోతలు పోగా చేతికి వచ్చింది 3,200. లేడీస్ హాస్టల్‌కు 7,500. తక్కువపడిన 4,300 నెలనెలా నేను పంపాను, ఆరు నెలలకు 25,800 అయింది. పనిచేసే పిల్లకు ఇంటినుంచి జీతం పంపినట్టయింది.

2. ఆరోగ్యం, భద్రత. ఆమెతోపాటు చేసిన ఒక అబ్బాయి చేతిమీద విందులో వేడి సూప్ ఒలికింది. ఆసుపత్రి ఖర్చు వాళ్ళ నాన్న కట్టుకున్నాడు. ఆయనది పాకాల దగ్గర రెండెకరాల వేరుశనగ సేద్యం. ఆ అబ్బాయి అప్రెంటిస్‌గా నమోదై ఉంటే అదే గాయానికి, చట్టంలోని 16వ సెక్షను ప్రకారం, ఉద్యోగికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వవలసి వచ్చేది. గాయం మానడానికి పట్టిన 11 రోజులను ‘సెలవు’గా రాసి, అన్ని రోజులూ చివర్లో చేయించుకునేదాకా సర్టిఫికెట్ ఇవ్వలేదు.

3. ఆడపిల్లల సంగతి. రాత్రి ఒంటిగంటకు విందు ముగిసినప్పుడు హోటల్ వాహనంలో ముందు రెగ్యులర్ సిబ్బంది ఎక్కాలి, సీటు మిగిలితే ట్రైనీలు. మిగలకపోతే ఆటో. మా అమ్మాయి ఆటో ఎక్కి దిగేదాకా ఫోన్ పెట్టనిచ్చేది కాదు వాళ్ళమ్మ. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ట్రైనీని, అప్రెంటిస్‌ను కూడా ఉద్యోగి అనే మాటలో స్పష్టంగా చేర్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలంది. ఆ కమిటీలో ఎవరెవరు ఉన్నారో చెప్పమని అడిగితే ‘నీకెందుకు, నువ్వు ఆరు నెలల్లో పోయేదానివి కదా’ అన్నారట. ఈ సంగతులు తెలిసిన మా బంధువుల్లో ఇద్దరు తమ కూతుళ్ళను హోటల్ కోర్సులో చేర్చకుండా బీఎడ్‌కు పంపారు. వాళ్ళను నేను తప్పుపట్టలేకపోయాను.

4. రోజుకూలీల పొట్టమీద దెబ్బ. ఇది చాలామంది గమనించనిది. పులిచెర్ల, పూతలపట్టు వైపు పల్లెల కుర్రవాళ్ళు సేద్యం పనులు లేని రోజుల్లో కేటరింగ్ పనికి వస్తారు. విందుకు ఇంత అని కూలి తీసుకుంటారు. ఇంటర్న్‌లు దిగిన నెలల్లో వాళ్ళకు ఫోన్లు రావు. నేను పనిచేసినచోటే చూశాను: ఎంబీఏ పిల్లవాడు పళ్ళెం పట్టుకుంటే, పళ్ళెం పట్టుకుని బతికేవాడు ఊళ్ళో ఖాళీగా కూర్చున్నాడు. ఇద్దరికీ న్యాయం జరగలేదు.

5. యాత్రికులు. కర్ణాటకనుంచో, తెలంగాణనుంచో ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చే కుటుంబానికి హోటల్ చదువుల గొడవ తెలియదు. వాళ్ళకు తెలిసేది ఒక్కటే: బుక్ చేసిన గది ఉందా, లేదా. ఒకే గదిని ఇద్దరికి అమ్మడం, గిరాకీ రోజున బుకింగ్ రద్దయిందని అబద్ధమాడి ఎక్కువ ధరకు ఇంకొకరికి ఇవ్వడం, లిఫ్ట్ లేని మూడో అంతస్తు గదిని మోకాళ్ళ నొప్పులవారికి కేటాయించడం — ఇవన్నీ మేనేజ్‌మెంట్ తెలియనివాళ్ళు మేనేజర్లుగా ఉన్నచోట నిత్యం జరిగేవే.

6. చదివినవాళ్ళు ఈ రంగంలో నిలవడం లేదు. మా అమ్మాయి స్నేహితులలో నాకు తెలిసిన ఆరుగురిలో నలుగురు హోటల్ ముఖం చూడటం లేదు. ఒకరు బ్యాంకు లోన్లు అమ్ముతున్నారు, ఒకరు మొబైల్ షోరూమ్‌లో ఉన్నారు, ఇద్దరు పోటీపరీక్షలకు చదువుతున్నారు. హోటల్ యజమానులు మాత్రం మంచి మనుషులు దొరకడం లేదని ప్రతి సభలోను చెబుతుంటారు.

2024–29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. సంతోషం. పరిశ్రమ అన్నాక అందులో శిక్షణ పొందేవారికి ఇతర పరిశ్రమల్లో ఉన్నంత రక్షణ అయినా ఉండాలి కదా అన్నదే నా ప్రశ్న. డిగ్రీ స్థాయిలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన రాష్ట్రం మనది, ఆలోచన మంచిదే. కానీ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యేకొద్దీ చోటు కోసం వెతికే విద్యార్థుల సంఖ్య పెరుగుతుంది, చోటు ఇచ్చేవాడిది పైచేయి అవుతుంది. తప్పనిసరి చేసినవారే షరతులు కూడా రాయాలి.

కనుక కింది కోరికలను మీ ముందు పెడుతున్నాను.

1. విద్యార్థి, కళాశాల, హోటల్ ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం లేని ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇవ్వకూడదు. ఏ విభాగంలో ఎన్ని వారాలు, రోజుకు ఎన్ని గంటలు, వారపు సెలవు, స్టైపెండ్, కోతలు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అన్నవి అందులో తెలుగులోను ఇంగ్లీషులోను ఉండాలి. తల్లిదండ్రులకు ఒక ప్రతి ఇవ్వాలి.

2. ఎంబీఏలో భాగంగా ఉన్న దీర్ఘకాల శిక్షణను అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నమోదు చేసేలా మార్గదర్శకాలు ఇవ్వండి. అప్రెంటిస్‌షిప్‌ను కోర్సులోనే కలిపిన డిగ్రీలు ఇప్పటికే ఉన్నాయి. అదే దారిని పీజీకి వేయడం కొత్త చట్టం చేయవలసినంత పని కాదు. చట్టం నిర్ణయించిన కనీస స్టైపెండ్‌కు తగ్గకుండా, భోజనం, యూనిఫాం కోతలు లేకుండా, నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడాలి.

3. మొత్తం కాలంలో మూడోవంతుకు మించి సర్వీస్, హౌస్‌కీపింగ్ పనులకు వాడకూడదు. మిగతా కాలం రెవెన్యూ, సేల్స్, నైట్ ఆడిట్ (ఆ రోజు లెక్కలను రాత్రి సరిచూడటం), కొనుగోళ్ళు, ఫుడ్ కాస్టింగ్ (వంటకాల ఖర్చు లెక్క), సిబ్బంది డ్యూటీల ప్రణాళిక వంటి వాటికి కేటాయించాలి. ప్రతి విద్యార్థి ఆ హోటల్‌కు చెందిన ఒక నిజమైన సమస్యపై, ఆ హోటల్ అంకెలతోనే, నివేదిక రాయాలి. హోటల్ తన అంకెలు చూపించడానికి ఇష్టపడకపోతే, అది ఎంబీఏ శిక్షణకు పనికిరాని హోటల్ అని రాసుకుని ముందుకు పోవాలి.

4. లాగ్‌బుక్‌పై ప్రతి శనివారం సంతకం పడాలి. చివరి రోజున ఆరు నెలల సంతకాలు ఒకేసారి పెట్టే పద్ధతి ఆగాలి. అధ్యాపకులు నెలకు ఒక్కసారైనా హోటల్‌కు వెళ్ళి, మేనేజర్ గదిలో కాఫీ తాగి రావడం కాకుండా, విద్యార్థి పనిచేస్తున్నచోటికి వెళ్ళి మాట్లాడాలి.

5. వారానికి 48 గంటలు దాటకూడదు. రాత్రి పది తరువాత ముగిసే డ్యూటీకి ఇంటిదాకా, హాస్టల్‌దాకా వాహనం హోటల్‌దే బాధ్యత.

6. సర్టిఫికెట్‌ను ఆపి పని చేయించుకోవడం నిషేధించాలి.

7. ఇంటర్న్‌షిప్ సెమిస్టరుకు ఫీజును సగానికి తగ్గించాలి. కళాశాల ఇందుకు ఒప్పుకోకపోతే, ఆ సెమిస్టరులో తాను విద్యార్థికి చేసిన ఖర్చు ఏమిటో లెక్క చూపాలి.

8. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు జిల్లాలో ఉండే స్థానిక కమిటీ వివరాలు, హోటల్ అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు విద్యార్థినికి మొదటిరోజే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ పొరుగు రాష్ట్రంలో అయితే అక్కడి వివరాలు సేకరించి ఇవ్వవలసింది కళాశాలే.

9. తిరుపతిలోనే శిక్షణ చోట్లు పెంచాలి. భారత పాకశాస్త్ర సంస్థ, రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ మన ఊళ్ళోనే ఉన్నాయి. శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం వంటి వసతి సముదాయాలలో గదుల కేటాయింపు, శుభ్రత, రద్దీ నిర్వహణ, తిరుమల తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒకేసారి వేలమందికి వండి వడ్డించే ఏర్పాటు — వీటిని దగ్గరుండి చూడటానికి హాస్పిటాలిటీ ఎంబీఏ విద్యార్థులకు పరిమిత సంఖ్యలో, పై షరతులకు లోబడి, అవకాశం ఇవ్వవలసిందిగా తిరుమల తిరుపతి దేవస్థానాన్ని ప్రభుత్వం కోరాలి. ఇది సేవ పేరుతో ఉచితంగా పనిచేయించుకునేది కాకూడదు, సేవకు వచ్చేవారు వేరే ఉన్నారు. శ్రీకాళహస్తి, కాణిపాకం వసతి గృహాలకూ ఇదే వర్తింపజేయవచ్చు.

హోటల్ యజమానులతో విడిగా ఒక మాట. మీలో కొందరి దగ్గర నేను ఉప్పు తిన్నాను, మీ కష్టాలు నాకు తెలియనివి కావు: గిరాకీ లేని నెలల్లో జీతాలు, కరెంటు బిల్లులు, ఆన్‌లైన్ బుకింగ్ సంస్థల కమీషన్లు. అయినా 1893లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ప్రపంచంలోనే మొదటిదిగా చెప్పుకునే హోటల్ పాఠశాల ఎలా మొదలైందో గుర్తు తెచ్చుకోండి. పర్యాటకులు పెరిగి, పని తెలిసిన మనుషులు కరువైనప్పుడు అక్కడి హోటళ్ళవాళ్ళే పూనుకుని, ఒక హోటల్‌లోనే తరగతులు ప్రారంభించారు. చదువూ పనీ ఒకేచోట ఉండాలనే పద్ధతి మీ వృత్తివాళ్ళు కనిపెట్టిందే. ఇంటర్న్‌ను తీసుకునే ప్రతి హోటల్ ఒక సీనియర్‌ను అతడికి గురువుగా నియమించి, వారానికి రెండు గంటలు కూర్చోబెట్టి, నిన్న ఎన్ని గదులు ఏ ధరకు పోయాయి, ఎందుకు పోయాయి అని వివరిస్తే చాలు. పైసా ఖర్చు లేని ఈ పనిని మీరు ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగకుండా రేపే మొదలుపెట్టవచ్చు. అలా చేసేవారికి నేను, నాలాగే విశ్రాంతిలో ఉన్న పాత రిసెప్షన్ మిత్రులు ఇద్దరు, జీతం లేకుండా వచ్చి పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం.

కళాశాలలకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పోయిన ఏడాది రాసిన రెండు ఉత్తరాలు మీ దగ్గరే ఉన్నాయి.

అధికారులు ఈ తొమ్మిది కోరికలలో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో 60 రోజులలోగా బహిరంగంగా తెలియజేయాలని కోరుతున్నాను. కుదరదనే జవాబైనా సరే, సంతకంతో కావాలి. మా అమ్మాయి కళాశాలలో తరువాతి బ్యాచ్‌కు హోటళ్ళ కేటాయింపు వచ్చే సెమిస్టరుకు జరగబోతున్నది, ఆ జాబితాలో మా అమ్మాయి పనిచేసిన హోటల్ కూడా ఉందని విన్నాను. లాగ్‌బుక్, దాని వెనుక పేజీలు, హాస్టల్ రశీదులు, అర్జీ రశీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి; విచారణకు ఏ కార్యాలయం పిలిచినా అసలు కాగితాలతో వస్తాను.

ఇట్లు,
ఒక ఇంటర్న్ తండ్రి,
మాజీ ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగి,
తిరుపతి.